ఎగ్జిబిషన్‌లో ఇగువానాతో ఫొటోకు 100 రూపాయలు: దీన్ని చూసే ఆఫీసు ఏది?

వడ్డేపల్లి కట్ట:
సూటిగా అడుగుతున్నా. ఎగ్జిబిషన్లలో, జాతరల్లో ఈ మధ్య విదేశీ జంతువుల స్టాళ్లు వస్తున్నాయి కదా, వాటిని చూసుకునే ఆఫీసు ఏది? హనుమకొండలో ఇప్పుడు నడుస్తున్న ఎగ్జిబిషన్‌లో ఒకటుంది. రేకుల షెడ్డు, మనిషికి 50 రూపాయల టికెట్. లోపల పెద్ద చిలుక జాతివి రెండు మకావ్‌లు, పెద్ద బల్లిలా ఉండే ఒక పచ్చ ఇగువానా, రెండు బాల్ పైథాన్లు, గాజు డబ్బాలో ఉడతల్లా ఉండి గాల్లో తేలుతూ దూకే షుగర్ గ్లైడర్లు, వెనక్కి తిరగడానికి కూడా చోటులేని తొట్టిలో ఒక పెద్ద తాబేలు. పామునో ఇగువానానో మెడ మీద వేసుకుని ఫొటో దిగితే ఇంకో 100. మా చిన్నోడు వేసుకుంటానని ఒకటే గోల.

బయట ఎండ తగ్గింది కానీ లోపల రేకుల వేడి తగ్గలేదు. పక్కనే మిర్చి బజ్జీల బండి, ఆ పొగంతా షెడ్డులోకే. ఒక మకావ్ నోరు తెరిచి రొప్పుతోంది, ఛాతీ మీద ఈకలు లేవు. అక్కడి కుర్రాడిని అడిగితే "ఈకలు మార్చుకునే సీజన్ సార్" అన్నాడు. ఎగ్జిబిషన్ నిర్వాహకులను అడిగితే ఫైర్ ఎన్‌ఓసీ, పోలీసు పర్మిషన్, కార్పొరేషన్ రసీదు అన్నీ ఉన్నాయి, జంతువుల సంగతి స్టాల్ వాళ్లదే అన్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట జంక్షన్:
అన్నా, సర్కస్‌లో జంతువులను బ్యాన్ చేసి ఇరవై ఏళ్లు దాటింది కదా. మరి ఇదెట్లా నడుస్తోంది?

సెక్షన్ సార్:
అందరూ అనేది అదే, కానీ చట్టంలో అట్లా లేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం తీసి చూడండి. సెక్షన్ 22 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఏ జంతువునూ ప్రదర్శనకు పెట్టకూడదు, అందుకోసం తర్ఫీదూ ఇవ్వకూడదు. కొన్ని జంతువులను పూర్తిగా నిషేధించే అధికారం కూడా ఆ సెక్షన్ కిందే కేంద్రానికి ఉంది. 1998 అక్టోబర్ నోటిఫికేషన్‌లో అలా నిషేధించినవి ఐదు: ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం. సర్కస్ వాళ్లు కేరళ హైకోర్టుకు వెళ్లి 2000లో ఓడిపోయారు, 2001 మేలో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. 2011లో ఎద్దును చేర్చారు. ఏనుగు ఆ జాబితాలో లేదు. గుర్రం, ఒంటె, చిలుక, పాము ఏవీ లేవు. సర్కస్‌లో అసలు జంతువులే ఉండకూడదని 2018లో కేంద్రం ముసాయిదా నియమాలు బయటపెట్టింది. ముసాయిదాను పట్టుకుని కేసు పెట్టలేం.

అంటే మీరు చూసిన స్టాల్‌లోని ప్రాణులేవీ నిషేధిత జాబితాలో లేవు. కానీ రిజిస్ట్రేషన్ మాత్రం వాటికీ కావాలి, అది ఇచ్చేది జంతు సంక్షేమ బోర్డు. "మావి ఆటలు ఆడవు, ఊరికే కూర్చుంటాయి" అని తప్పించుకోబోతారు. నా లెక్కలో ఆ వాదన నిలవదు. 2001 నాటి ప్రదర్శన జంతువుల రిజిస్ట్రేషన్ నియమాల్లో జనాన్ని రానిచ్చే వినోదం కోసం వాడే జంతువు అని ఉంది కానీ, అది ఏదో విన్యాసం చేయాలని లేదు. పైగా ఇక్కడ టికెట్ కూడా ఉంది.

రెక్కలు తోకలు:
నేను కరీంనగర్‌లో పక్షులు పెంచుతాను, మకావ్‌లు కూడా ఉన్నాయి. ఇంకో కాగితం సంగతి చెప్తా. మనది కాని జీవి అయితే చూడాల్సింది సైటెస్ జాబితా. అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం అది. మన దేశం 1976 నుంచి సభ్యురాలు, అయినా ఇంట్లో పెంచుకునేవాళ్లను చాలాకాలం ఎవరూ అడిగింది లేదు. 2020 జూన్‌లో "ఆరు నెలల్లో స్వచ్ఛందంగా చెప్పండి, కాగితాలు అడగం" అన్నారు. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి సైటెస్ జీవులను నాలుగో షెడ్యూల్‌లో పెట్టారు. 2024 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ నియమాలు వచ్చాయి. కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా, ఎవరికైనా ఇచ్చినా చెప్పాలి.

ముప్పు బాగా ఎక్కువున్నవి సైటెస్‌లో అనుబంధం 1 లో, అంతకంటే తక్కువున్నవి అనుబంధం 2 లో ఉంటాయి. కట్ట గారు చెప్పిన వాటిలో బాల్ పైథాన్, పచ్చ ఇగువానా, నీలం పసుపు మకావ్ అనుబంధం 2 లోవి. ఎర్ర మకావ్ అయితే అనుబంధం 1. ఆఫ్రికన్ గ్రే చిలుకను 2017లో అనుబంధం 1 లోకి మార్చారు. షుగర్ గ్లైడర్ సైటెస్‌లో లేదు. చిన్న చిలుకలైన బడ్జీలు, కాకటీల్‌లూ లేవు. ఇక తాబేలు వీపు మీద నక్షత్రాల్లాంటి గీతలుంటే అది మన దేశపు నక్షత్ర తాబేలు, దాన్ని దగ్గర పెట్టుకోవడమే నేరం. మన రామచిలుక కూడా అంతే. అలాంటివి కనిపిస్తే ఆలోచించకుండా ఫారెస్ట్ వాళ్లకు ఫోన్ చేయండి.

వడ్డేపల్లి కట్ట:
తాబేలు మీద గీతల్లేవు. లేత గోధుమ రంగు, బాగా పెద్దది.

రెక్కలు తోకలు:
అయితే సల్కాటా అయి ఉంటుంది, ఆఫ్రికాది. అదీ అనుబంధం 2 లోదే. చిన్నప్పుడు అరచేతిలో పడుతుంది, పెద్దయ్యాక పెరడంతా తవ్వేస్తుంది. హైదరాబాద్‌లో కొనుక్కుని ఎక్కడ వదలాలో తెలియక తిప్పలు పడేవాళ్లను చూశాను.

చింతగట్టు డాక్టర్:
పశువైద్యుడిని. పై కాగితాలన్నీ ఆ జంతువు ఎవరిదో చెప్తాయి, ఎలా ఉందో చెప్పవు. ఆర్‌సీ ఉన్నంత మాత్రాన బండికి బ్రేకులున్నట్టా?

పక్షులకు చెమట గ్రంథులు ఉండవు. ఒంట్లో వేడి పోవాలంటే నోరు తెరిచి రొప్పడమే ముఖ్యమైన దారి. రెక్కలు ఒంటికి ఆనించకుండా ఎడంగా పట్టుకుని రొప్పుతుంటే వడదెబ్బ దగ్గర పడిందని అర్థం. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు మామూలు, రేకుల కింద అంతకంటే ఎక్కువ. ఈకలు మార్చుకునే పక్షికి పాతవి రాలుతుంటే మధ్యలో కొత్తవి వస్తుంటాయి, ఒంటి మీద ఒకేచోట బోడిగా కాదు. ఛాతీ బోడిగా ఉండి తల మీద ఈకలు నిగనిగలాడుతుంటే అది తనే పీక్కుంటోంది. తల దగ్గరికి దాని ముక్కు అందదు కాబట్టి అక్కడ మిగులుతాయి. దిగులు, ఒంటరితనం, పోషకాహార లోపం, చర్మవ్యాధి, వీటిలో ఏదైనా కారణం కావచ్చు, పరీక్ష చేస్తే తప్ప తెలియదు. ఇక బజ్జీల పొగ. పక్షి ఊపిరితిత్తులు, గాలి సంచులు పొగకు మనకంటే చాలా త్వరగా దెబ్బతింటాయి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే ఆవిరికే ఇంట్లో చిలుకలు చనిపోతాయి.

ఇగువానాది తిరకాసు వ్యవహారం. అది శీతల రక్త జీవి, ఒంటి వేడి అంతా బయటి నుంచే తెచ్చుకోవాలి. ఒకవైపు 35 డిగ్రీల వరకు వెచ్చని చోటు, ఇంకోవైపు చల్లని చోటు ఉంటే తనకు కావాల్సిన చోటికి జరుగుతుంది. గాజు డబ్బాలో, మనిషి భుజం మీద జరిగేదెక్కడికి? దానికి ఎండలో ఉండే యూవీబీ కిరణాలు కూడా కావాలి, లేకపోతే డి3 విటమిన్ తయారుకాదు, కాల్షియం ఎముకల్లోకి చేరదు. దవడ రబ్బరులా మెత్తబడిన ఇగువానాలు మా దగ్గరికి వస్తుంటాయి. ఫ్లడ్‌లైట్ వెలుగులో యూవీబీ ఉండదు. ఇంకోటి, ఫొటోకు పట్టుకున్నప్పుడు కళ్లు మూసుకుంటే "ఎంత మచ్చికైందో" అని మురిసిపోతారు. చాలాసార్లు అది తప్పించుకోలేక కళ్లు మూసుకోవడమే.

బాల్ పైథాన్ కూడా భయపడితే చాలాసార్లు కరవదు, తల లోపల పెట్టుకుని బంతిలా చుట్టుకుంటుంది. ఆ గుణం వల్లే ఫొటో స్టాళ్ల వాళ్లకు అదంటే ఇష్టం.

పిల్లలున్నవాళ్లకు: బల్లి జాతి, పాములు, తాబేళ్లు ఆరోగ్యంగా కనిపిస్తూనే సాల్మొనెల్లా అనే విరేచనాల బ్యాక్టీరియాను మోస్తాయి. ఐదేళ్లలోపు పిల్లలు వాటిని ముట్టుకోకపోవడమే మంచిది. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలి. చిలుకల ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే సిట్టకోసిస్ అనే జ్వరం రావచ్చు. ఆ స్టాల్ దగ్గర చేతులు కడుక్కునే నల్లా ఉందా?

వడ్డేపల్లి కట్ట:
నల్లా లేదు సార్. ఫొటో దిగినవాళ్లు నేరుగా బజ్జీల బండి దగ్గరికే పోతున్నారు.

కాజీపేట జంక్షన్:
అబ్బా, ఇక ఆ బజ్జీలు నా గొంతు దిగవు డాక్టర్ సాబ్ 😄 ఇంతకీ షుగర్ గ్లైడర్ సంగతి చెప్పలేదు. మా అక్క కొడుకు కొనిపెట్టమని సతాయిస్తున్నాడు.

చింతగట్టు డాక్టర్:
కొనిపెట్టకండి. ఆస్ట్రేలియా, న్యూగినీ వైపు అడవుల్లో గుంపుగా బతికే నిశాచరం. పూల మకరందం, చెట్ల జిగురు, పురుగులు తింటుంది. మీ మేనల్లుడు నిద్రపోయాక అది లేస్తుంది.

స్టాల్ నంబర్ 14:
నేనూ ఇలాంటి స్టాలే నడుపుతాను. ఇక్కడ చెప్తున్నది నాది కాదు, నేను నిజామాబాద్, జగిత్యాల వైపు తిరుగుతాను. అందరినీ ఒకే గాటన కట్టొద్దని రాస్తున్నా.

నా జీవులన్నీ పరివేష్‌లో ఉన్నాయి. పామును రోజుకు ఇన్నిసార్లే అని లెక్క పెట్టుకుని తీస్తాను, మేత మింగిన తర్వాత రెండు రోజులు అసలు ముట్టుకోనివ్వను. కూలర్ సొంతంగా తెచ్చుకుంటాను. పిల్లలు పామును చూస్తే రాయి వెతుక్కునే ఊళ్లలో నా స్టాల్ వల్ల భయం పోతోంది, అదీ రాయండి. అసలు ఇబ్బంది ఎక్కడో తెలుసా? గ్రౌండ్‌లో చోటు ఇచ్చేది నిర్వాహకుడు. మంచి చోట్లన్నీ బట్టల స్టాళ్లకు పోతాయి, మాకు జనరేటర్ పక్కనో బజ్జీల బండి పక్కనో ఇస్తాడు. నీడ కావాలంటే కిరాయి రెట్టింపు అంటాడు. టికెట్ డబ్బులు ఆ కిరాయికే పోతాయి, మాకు మిగిలేది ఫొటోల మీదే. ఫొటోలు ఆపేస్తే స్టాలే ఉండదు.

ఓరుగల్లు పిల్ల:
మీరు బాగా చూసుకుంటున్నారంటే సంతోషమే అన్నా. కానీ ఫొటోలు లేకపోతే నడవదు అని మీరే అన్నారు. జనం ఎక్కువొచ్చిన ఆదివారం మీ లెక్క నిలబడుతుందా? కడుపు నింపేది ఫొటోలైనప్పుడు లెక్క పెట్టే మనిషి మీరే అయితే దాన్ని స్టాండర్డ్ అనలేం. హంటర్ రోడ్డులో కాకతీయ జూ ఉంది, టికెట్ తక్కువ, జంతువుకూ మనిషికీ మధ్య దూరం ఉంటుంది. 2009 జూ నియమాల ప్రకారం వారానికి ఒక రోజు జూ మూసి ఉంచాలి. మీ పాముకు సెలవు రోజు ఏది?

స్టాల్ నంబర్ 14:
వాన పడ్డ రోజు చెల్లెమ్మా. నవ్వులాటకు అనడం లేదు, నిజంగా అంతే. మరి జూకు సర్కారు డబ్బులిస్తుంది, నాకెవరిస్తారు?

పాత డేరా:
నేను ఓ సర్కస్ కంపెనీలో లైటింగ్ పని చేశాను, ఇప్పుడు జనగామలో ఉంటున్నా. పెద్ద మృగాలున్న రోజులు చూశాను కాబట్టి ఒక మాట. సింహాలను, పులులను తీసుకున్నప్పుడు కోర్టు తీర్పుతో పని అయిపోలేదు. వాటిని పెట్టడానికి చోటు కావాలి. విశాఖ జూ దగ్గర, తిరుపతి జూ దగ్గర పునరావాస కేంద్రాలు పెట్టి సర్కస్ మృగాలను అక్కడికి పంపించారు. మా సర్కస్ సింహాల్లో చాలావరకు ఆఫ్రికా సింహానికీ గిర్ సింహానికీ పుట్టిన సంకరాలు, అడవిలో వదిలేవి కావు, పిల్లలు పెట్టించేవీ కావు. చచ్చేదాకా మేపడమే. ఆ మేత ఖర్చు మోసింది సర్కారు.

రేపు ఈ స్టాళ్ల మీద రైడ్ చేసి నాలుగు ఇగువానాలు, పది పాములు పట్టుకున్నారనుకోండి. ఎక్కడ పెడతారు? అది ముందు అడగండి.

మోటు మాట అనుకోకపోతే, సర్కస్‌లో మృగం పోతే కంపెనీకి నష్టం, అందుకైనా డాక్టర్ ఉండేవాడు. వీళ్ల దగ్గర పాము చస్తే ఇంకోటి తెచ్చుకుంటారు.

సెక్షన్ సార్:
పెద్దాయన చెప్పిన డాక్టర్ సంగతి నియమాల్లోనే ఉంది. 2001 రిజిస్ట్రేషన్ నియమాల్లో కొన్ని షరతులు ఇక్కడ పనికొస్తాయి. పది లేదా అంతకంటే ఎక్కువ ప్రదర్శన జంతువులుంటే జీతం మీద పశువైద్యుడిని పెట్టుకోవాలి. రోడ్డు మీద ఆపకుండా ఎనిమిది గంటలకు మించి తీసుకెళ్లకూడదు, దారిలో నీళ్లకు, మేతకు ఆపాలి. జబ్బు చేసిన, గాయపడిన, కడుపుతో ఉన్న జంతువును ప్రదర్శనకు పెట్టకూడదు. మేతకూ విశ్రాంతికీ వేరే చోటు చూపించాలి.

అయితే ఇవన్నీ రాసినప్పుడు వాళ్ల మనసులో ఉన్నవి ఏనుగు, గుర్రం, పులి. ఇగువానాకు యూవీబీ దీపం ఉండాలని, పక్షికి రాత్రి చీకటి కావాలని అందులో ఎక్కడా లేదు. నిర్వాహకుడు కట్టే ఫైల్‌లో జంతువులున్నాయా అనే గడి లేకపోవడం ఇంకో లోపం. ఫైర్ వాళ్లు వైరింగ్ చూస్తారు, పోలీసులు పార్కింగ్ చూస్తారు, పశు సంవర్ధక శాఖ దాకా ఫైలే పోదు. నన్నడిగితే కొత్త చట్టం కంటే ముందు ఆ గడి పెట్టించాలి. నీడ, జనరేటర్ దూరం, నల్లా, ఇవి నిర్వాహకుడి బాధ్యత అని పర్మిషన్ షరతుల్లోనే రాయొచ్చు. అలా రాస్తే నంబర్ 14 గారికి కూడా కిరాయి దగ్గర బేరమాడే బలం వస్తుంది.

శిక్షల సంగతి అడక్కండి. సెక్షన్ 11 కింద మొదటిసారి హింసకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఒక ఫొటోకు వాళ్లు తీసుకునే దాంట్లో సగం. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రదర్శిస్తే సెక్షన్ 26, 500 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. వన్యప్రాణి చట్టంలో మాత్రం 2022 సవరణతో మామూలు నేరాలకు కూడా జరిమానా పరిమితి 25 వేల నుంచి లక్షకు పెరిగింది. అందుకే కాగితాల వైపు నుంచి వెళ్తేనే పని జరుగుతుంది.

కాజీపేట జంక్షన్:
మరి సంక్రాంతికి ఇంటి ముందుకొచ్చే గంగిరెద్దు? ఎద్దును కూడా చేర్చారన్నారు కదా 2011లో.

సెక్షన్ సార్:
వీధిలో టికెట్ ఉండదు కాబట్టి ప్రదర్శన అధ్యాయం దానికి వర్తించదని నా వాదన. కొట్టినా, పస్తుపెట్టినా సెక్షన్ 11 ఎక్కడైనా వర్తిస్తుంది. ఇది పెద్ద చర్చ.

ఫోరం అడ్మిన్:
గంగిరెద్దుల మీద విడిగా థ్రెడ్ పెట్టుకోండి. ఇక్కడ స్టాల్ యజమానుల ఫోన్ నంబర్లు, ఫొటోలు పెట్టొద్దు. ఒకటి తీసేశాను.

వడ్డేపల్లి కట్ట:
అయితే నేను ఎక్కడికి పోవాలి? ఒక్కటే చెప్పండి.

సెక్షన్ సార్:
ఒక్కటి కుదరదు, రెండు చోట్లకు పోండి. సెక్షన్ 25 ప్రకారం ఎస్ఐ స్థాయికి తగ్గని పోలీసు అధికారి ప్రదర్శన జంతువులున్న చోటికి వెళ్లి తనిఖీ చేయొచ్చు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనొచ్చు. కాబట్టి ఒక కాగితం స్టేషన్‌లో ఇవ్వండి, కాపీ జిల్లా పశువైద్యాధికారికి. రెండోది డీఎఫ్ఓ (జిల్లా అటవీ అధికారి) ఆఫీసులో, సైటెస్ జీవుల నమోదు చూడమని. తారీఖు, టైం, ఏ జీవి, ఏం చూశారు, అంతే రాయండి. "హింసిస్తున్నారు" అని రాస్తే పక్కన పెడతారు. "సాయంత్రం ఆరున్నరకు రేకుల షెడ్డులో మకావ్ నోరు తెరిచి రొప్పుతోంది, నీళ్ల గిన్నె లేదు" అని రాస్తే ఎవరో ఒకరు వచ్చి చూడక తప్పదు. రసీదు తీసుకోకుండా కదలొద్దు.

చింతగట్టు డాక్టర్:
వీడియో తీయండి, ఫ్లాష్ వేయకండి. నీళ్ల గిన్నె నిజంగా లేదా అన్నది మళ్లీ చూసుకుని రాయండి.

నర్సంపేట టీచరమ్మ:
ఈ చర్చ నాకు సరిగ్గా టైంకు దొరికింది. ఇలాంటివాళ్లే మా స్కూల్‌కు వచ్చి "ఎడ్యుకేషనల్ షో" అని అడుగుతున్నారు. పిల్లవాడికి ఇంత అని రేటు. చదువు కోసం అయితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చెప్తున్నారు. నిజమేనా సార్?

సెక్షన్ సార్:
సెక్షన్ 27 లో మినహాయింపు ఉంది మేడమ్. జూలో ఉన్నవాటికి, లేదా విద్య, శాస్త్రం కోసం జంతువులను చూపించడమే ముఖ్య ఉద్దేశంగా ఉన్న సొసైటీకి, సంఘానికి. నిన్న ఎగ్జిబిషన్‌లో ఫొటోలు అమ్మి ఇవాళ స్కూల్‌కు వస్తే ఆ మినహాయింపు రాదు. సొసైటీ రిజిస్ట్రేషన్, బైలాస్ చూపించమనండి.

ఓరుగల్లు పిల్ల:
మేడమ్, ఆ రేటుతోనే బస్సు మాట్లాడుకుని పిల్లలను కాకతీయ జూకు తీసుకుపోవచ్చు కదా?

నర్సంపేట టీచరమ్మ:
బస్సు అంటే పేరెంట్స్ సంతకాలు, పర్మిషన్లు, మళ్లీ అదో టెన్షన్. అయినా అడుగుతా. ఒకవేళ ప్రిన్సిపల్ గారు షోకే మొగ్గితే ఏం షరతులు పెట్టాలి?

చింతగట్టు డాక్టర్:
ముట్టుకోవడం ఉండదని ముందే చెప్పండి. వాళ్లు సగం అక్కడే వెనక్కి తగ్గుతారు. ఉదయం పూట, ఫ్యాన్లున్న గదిలో, ఒక్కో క్లాసు చొప్పున. మైకు వద్దు. ప్రతి జీవికీ అది దాక్కునే చోటున్న పెట్టె ఉండాలి. ముందు రోజు ఎక్కడ షో చేశారు, రాత్రి ఎక్కడ ఉంచారు అని అడగండి. చివర్లో పిల్లలందరూ సబ్బుతో చేతులు కడగాలి, ముట్టుకోకపోయినా సరే.

స్టాల్ నంబర్ 14:
డాక్టర్ గారు, ముట్టుకోవడం లేకుండా నేను వస్తాను. రేటు మాత్రం అదే ఉంటుంది, ఎందుకంటే వ్యాన్ కిరాయి మారదు కదా.

నర్సంపేట టీచరమ్మ:
మీ పరివేష్ కాగితాల కాపీ ప్రైవేట్ మెసేజ్‌లో పంపండి అన్నా. సోమవారం స్టాఫ్ మీటింగ్ ఉంది, అప్పుడు పెడతా.